మెయింటెనెన్స్ ఆపాలా? ఫ్లాటు అమ్మాలా? బావగారికి ఏమని చెప్పాలి?

తన పేరు, కమ్యూనిటీ పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పంపిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది.

తెల్లాపూర్ దాటాక, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గర్లో ఐదు బ్లాకుల గేటెడ్ కమ్యూనిటీ. మొత్తం 312 ఫ్లాట్లు. అందులో దాదాపు 240 ఇళ్లలో కాపురాలున్నాయి, కొన్ని ఖాళీ, కొన్ని ఇంకా అమ్ముడుపోలేదు. ఈమెది డి బ్లాకులో 1,650 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు. గృహప్రవేశమై రెండేళ్లు దాటింది. రిజిస్ట్రేషన్ అయింది, లోను నడుస్తోంది. ఏ, బీ, సీ బ్లాకులకు ఓసీ (ప్లాను ప్రకారం కట్టారు, కాపురం ఉండవచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చింది. డి, ఈ బ్లాకులకు ఇప్పటికీ లేదు. అడిగితే "అప్లై చేశామండీ, వచ్చే నెలకల్లా వచ్చేస్తుంది" అనే జవాబే రెండేళ్లుగా వింటున్నారు.

తాళాలిచ్చిన రోజు ఎస్‌ఎఫ్‌టీకి 50 రూపాయల లెక్కన 82,500 కార్పస్ (అందరి తరఫున దాచే ఉమ్మడి మూలనిధి), 3.50 లెక్కన రెండేళ్ల మెయింటెనెన్స్ 1,38,600, దాని మీద జీఎస్టీ కట్టించుకున్నారు. ఆ రెండేళ్లూ గత నెలతో పూర్తయ్యాయి. ఇకమీదట ఎస్‌ఎఫ్‌టీకి 4.25 చొప్పున నెలనెలా కట్టాలని బిల్డర్‌కు చెందిన మెయింటెనెన్స్ కంపెనీ లిఫ్టుల్లో నోటీసులు అంటించింది. బోర్లు ఫిబ్రవరికే చేతులెత్తేస్తాయి, ఆపైన అంతా ట్యాంకర్లే. ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) కంపు డి బ్లాకు బాల్కనీల దాకా వస్తోంది, ఫ్లష్ నొక్కితే నల్లటి నీళ్లు పడుతున్నాయి.

వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. ఓసీ వచ్చేదాకా పైసా కట్టొద్దని డి, ఈ బ్లాకుల వాళ్లు అంటున్నారు. బిల్డర్‌తో తగువెందుకు, ఇచ్చింది తీసుకుని హ్యాండోవర్ (ఉమ్మడి ఆస్తుల అప్పగింత) కాగితాల మీద సంతకాలు పెట్టేద్దామని ఏ, బీ బ్లాకుల వాళ్లు అంటున్నారు. ఈ రెండో వర్గానికి పెద్ద ఈమె బావగారే. ఏ బ్లాకులో ఉంటారు. ఇక్కడ కొనమని వీళ్లను తీసుకొచ్చిందీ ఆయనే. ఇంటీరియర్ కాంట్రాక్టులు చేస్తారు, ఇదే బిల్డర్ మరో ప్రాజెక్టులో ఆయనకు పని నడుస్తోంది. ఈమె బ్యాంకు ఉద్యోగి కావడంతో లెక్కలు మీరే చూడాలి, ట్రెజరర్‌గా ఉండండని డి, ఈ బ్లాకుల వాళ్లు పట్టుబట్టారు. ఆ మాట బయటికొచ్చిన మర్నాడు గ్రూపులో బావగారు ఒక మెసేజ్ పెట్టారు: "కొందరు ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని రాజకీయాలు నడుపుతున్నారు." అప్పటి నుంచి తోడికోడలు మాట్లాడటం లేదు. దసరాకి అత్తగారు వస్తే ఎవరింట్లో దిగాలన్నదీ పంచాయితీ అయింది. "అన్నయ్యతో తగవు నా వల్ల కాదు. అమ్మేసి మియాపూర్‌లో ఏదైనా పాత ఫ్లాటు చూసుకుందాం" అంటున్నారట ఈమె భర్త. కూతురు తొమ్మిదో తరగతి, స్కూలు ఇంటికి దగ్గర.

ట్రెజరర్‌గా ఒప్పుకోవాలా, మెయింటెనెన్స్ ఆపేయాలా, అమ్మేసి వెళ్లిపోవాలా? ఇవీ ఆమె అడిగిన మూడు ప్రశ్నలు.

అమ్మా, మీ మూడు ప్రశ్నల వెనక మీరు అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: బావగారు ఎందుకలా చేస్తున్నారు? కాంట్రాక్టు కోసమేనని మీ ఉత్తరంలో ప్రతి వాక్యం చెబుతోంది. అది కొంత నిజం కావచ్చు. కానీ ఏ బ్లాకులో ఆ కాంట్రాక్టు లేని వాళ్లు కూడా ఆయన మాటే మాట్లాడుతున్నారు కదా. వాళ్ల చేతిలో ఓసీ ఉంది. వాళ్ల ఫ్లాటుకు బ్యాంకు లోను వస్తుంది, రేపు అమ్ముకోవాలన్నా ఇబ్బంది లేదు. కమ్యూనిటీ పేరు గొడవల్లో పడితే తమ రేటు పడిపోతుందన్నది వాళ్ల భయం. మీ బ్లాకు భయం వేరు. ఈ రెండు భయాలూ న్యాయమైనవే, వాటిని ఒకే గ్రూపులో అరుచుకుంటూ తేల్చలేరు. అందుకని ఓసీ, డబ్బు, హ్యాండోవర్ మూడింటినీ దేనికది విడదీసి చూద్దాం. ఇంటి సంగతి చివర్లో మాట్లాడతాను.

మొదట ఓసీ. దాన్ని తెచ్చి ఇవ్వడం బిల్డర్ బాధ్యతని రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) 11వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కొనుగోలుదారు స్వాధీనం తీసుకోవాల్సింది కూడా ఓసీ వచ్చాక రెండు నెలల్లోపు. అంటే డి, ఈ బ్లాకుల్లో తాళాలివ్వడమే వరస తప్పిన పని. "అప్లై చేశాం" అన్న మాట నిజమో కాదో తెలుసుకోవడానికి బిల్డర్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మీ ప్లాను మంజూరు చేసిన సంస్థకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అనుమతి పత్రం మీదే ఆ సంస్థ పేరు, ఫైలు నంబరు ఉంటాయి. అడగాల్సినవి: డి, ఈ బ్లాకుల ఓసీకి దరఖాస్తు ఏ తేదీన వచ్చింది, ఏవైనా లోపాలు చూపుతూ షార్ట్‌ఫాల్ లెటర్ ఇచ్చారా, ఇస్తే దాని కాపీ, స్థల తనిఖీ నివేదిక కాపీ, తాకట్టులో ఉన్న ఫ్లాట్ల నంబర్లు. 30 రోజుల్లో జవాబు రావాలి.

చివరిది ఎందుకంటే, 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ప్రకారం ప్లాను మంజూరు చేసేటప్పుడే నిర్మాణ విస్తీర్ణంలో పది శాతాన్ని బిల్డర్ మంజూరు చేసిన సంస్థకు తాకట్టు పెట్టాలి. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ ఫ్లాట్లు ఇంకా తాకట్టులోనే ఉంటే బిల్డర్‌కు కూడా ఓసీ అవసరమే, మీకు బేరానికి బలం ఉంటుంది. తాకట్టులో ఉండగానే ఎవరికైనా అమ్మేసి ఉంటే మాత్రం ఆ ఇంటివాళ్లు మీకంటే పెద్ద చిక్కులో ఉన్నట్టు. వాళ్లను వెంటనే కలుపుకోండి.

షార్ట్‌ఫాల్ లెటర్ చేతికొచ్చాక గాని అసలు కథ తెలియదు. బాకీ పడ్డ ఫీజులో, ఫైర్ ఎన్‌ఓసీయో, వేయని పిల్లల ఆటస్థలమో అయితే అది నెలల్లో తేలే పని. సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలో, చిన్న తేడాలకు జరిమానా కట్టించుకుని సర్దుబాటు చేసే వీలు రూల్స్‌లోనే ఉంది. ప్లానులో లేని అంతస్తో, పార్కింగ్‌లో కట్టిన గదులో కారణమైతే మాత్రం ఏళ్లు పడుతుంది. మీరు అమ్మాలా, ఉండాలా అన్నది ఈ ఒక్క కాగితం మీద చాలావరకు ఆధారపడి ఉంది. అది చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఇక మెయింటెనెన్స్. పూర్తిగా ఆపేయడం నాకు సమ్మతం కాదు. అసోసియేషన్ చేతిలోకి వెళ్లేదాకా సహేతుకమైన ఛార్జీల మీద సేవలు నడపడం బిల్డర్ బాధ్యత అని చట్టం ఎలా చెబుతోందో, తన వంతు మెయింటెనెన్స్ కట్టడం కొనుగోలుదారు బాధ్యత అని 19వ సెక్షన్ అలాగే చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా పడుతుంది. రేపు మీరు ఫిర్యాదు చేసినప్పుడు బిల్డర్ లాయరు మొదట చూపించేది మీ బకాయిల పట్టికే. అంతకన్నా ముందు దెబ్బ తగిలేది మీ ఇళ్లకే. లిఫ్టు కంపెనీ సర్వీసు ఆపుతుంది, జనరేటర్‌కు డీజిల్ ఉండదు, సెక్యూరిటీ ఏజెన్సీ మనుషులను తగ్గిస్తుంది. తొమ్మిదో అంతస్తులో ఉన్న పెద్దవాళ్ల మీద ఆ భారం పడుతుంది, బిల్డర్ మీద కాదు.

అలాగని 4.25 అడిగారు కాబట్టి నోరు మూసుకుని కట్టమనీ అనను. లెక్క చూడండి. ఫ్లాటు సగటు 1,500 ఎస్‌ఎఫ్‌టీ అనుకుంటే 312 ఫ్లాట్లకు 4,68,000 ఎస్‌ఎఫ్‌టీ. పాత రేటున నెలకు 16 లక్షల 38 వేలు, రెండేళ్లకు 3 కోట్ల 93 లక్షలు. కొత్త రేటున నెలకు 19 లక్షల 89 వేలు. నెల వసూలు మూడున్నర లక్షలు ఎందుకు పెరిగిందో చెప్పాలంటే ఆ 3.93 కోట్లు దేనికెంత ఖర్చయిందో ముందు చూపించాలి. అందులో అమ్ముడుపోని ఫ్లాట్ల వంతు బిల్డర్ వేశాడా లేదా అన్నది తప్పకుండా అడగండి. లెక్క ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే. కార్పస్ మొత్తం 2 కోట్ల 34 లక్షలు. ఆరున్నర శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 15 లక్షలు. అసలుతో పాటు ఆ వడ్డీ కూడా మీ అందరిదే. ఏ బ్యాంకులో, ఎవరి పేరు మీద ఉందో రాతపూర్వకంగా అడగండి.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. పాత రేటు 3.50 కడుతూ, పెంచిన దానికి అభ్యంతరం చెబుతున్నామని, లెక్కలు చూపిస్తే మిగతా మాట్లాడతామని ప్రతి ఇంటి నుంచీ మెయిల్ పంపడం ఒకటి. దీనివల్ల సేవలు ఆగవు, బకాయిదారు అన్న ముద్ర బలంగా పడదు. కానీ తేడా సొమ్ముకు వడ్డీ అడిగే అవకాశం బిల్డర్‌కు ఉంటుంది. రెండోది, అభ్యంతరం తెలుపుతూనే 4.25 మొత్తం కట్టడం. చట్టపరంగా ఇదే గట్టి దారి, కానీ ఒత్తిడి తగ్గిపోతుంది, డి బ్లాకు కుర్రాళ్లు ఒప్పుకోరు. ఎక్కువమంది కలిసొస్తారనుకుంటే మొదటిది, పదిమందే మిగులుతారనుకుంటే రెండోది. ఏ దారైనా నగదు ఇవ్వకండి, రసీదు లేకుండా కట్టకండి.

దీనికి శాశ్వత పరిష్కారం అసోసియేషనే. దాన్ని ఏర్పరచే వీలు కల్పించడం బిల్డర్ విధి. స్థానిక చట్టాల్లో వేరే గడువు లేనప్పుడు, సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోపు అది జరగాలి. మీ దగ్గర ఆ గడువు దాటి చాలా కాలమైంది. సొసైటీల చట్టం, 2001 కింద ఏడుగురు కలిస్తే చాలు, సొసైటీ రిజిస్టరవుతుంది. అందులో సౌలభ్యమూ ఉంది, ప్రమాదమూ ఉంది. మీకు తెలియకుండా ఇప్పటికే ఎవరైనా ఏడుగురు ఒక సొసైటీ పెట్టి ఉండవచ్చు, హ్యాండోవర్ కాగితాల మీద సంతకం వాళ్లే చేసేయవచ్చు. రిజిస్ట్రార్ ఆఫీసులో ముందు అది విచారించండి. ఉంటే దాని నియమావళి కాపీ తీసుకుని, పోటీగా మరొకటి పెట్టకుండా అందులోనే సభ్యులై, మెజారిటీతో ఎన్నికలు అడగండి. రెండు సొసైటీలుంటే "ముందు మీలో మీరు తేల్చుకుని రండి" అని బిల్డర్ హాయిగా కూర్చుంటాడు.

లేకపోతే కొత్తది పెట్టండి. ఏడుగురు చాలు కదా అని ఏడుగురితో మొదలుపెట్టవద్దు. 312లో సగానికి పైన, అంటే కనీసం 157 ఫ్లాట్ల యజమానుల సంతకాలు, ఐదు బ్లాకుల నుంచీ ఉండేలా తీసుకోండి. ఏ బ్లాకు వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది: ఓసీ బ్లాకుల వారీగా వచ్చినా ఎస్టీపీ, ట్రాన్స్‌ఫార్మర్లు, క్లబ్‌హౌస్, సంపు, ఫైర్ పంపులు అందరికీ ఒక్కటే. డి బ్లాకు కంపు కొడుతున్న ఎస్టీపీలోకే ఏ బ్లాకు నీళ్లు కూడా పోతున్నాయి. ఇంకో ఆకర్షణ జీఎస్టీ. బిల్డర్ కంపెనీ వసూలు చేస్తే, 4.25 లెక్కన మీ ఫ్లాటుకు పడే 7,012 రూపాయల మీద 18 శాతం, అంటే నెలకు 1,262 అదనం. అసోసియేషన్ వసూలు చేస్తే సభ్యుడికి నెలకు 7,500 దాకా జీఎస్టీ లేదు. ఏజెన్సీల బిల్లుల్లో పన్ను ఉంటూనే ఉంటుంది కాబట్టి ఆ 1,262 మొత్తం మిగలదు గానీ కొంతైనా తగ్గుతుంది.

మీరు ట్రెజరర్ కావాలా? ముందు మీ బ్యాంకు హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. బయటి సంస్థల్లో పదవికి ముందస్తు అనుమతి కావాలనే నిబంధన చాలా బ్యాంకుల్లో ఉంటుంది. అనుమతి దొరికితే, ఒప్పుకునే ముందు నియమావళిలో నాలుగు సంగతులు రాయించుకోండి. ఏ చెల్లింపుకైనా ఇద్దరి సంతకాలు, కార్పస్ అసలును జనరల్ బాడీ తీర్మానం లేకుండా తాకరాదు, ప్రతి నెలా ఆదాయ వ్యయాలు నోటీసు బోర్డులో పెట్టాలి. నాలుగోది మీ ఇంటికి సంబంధించింది: బిల్డర్‌తో గానీ కమ్యూనిటీ కాంట్రాక్టర్లతో గానీ వ్యాపార లావాదేవీ ఉన్నవారు ఆ సంగతి ముందే వెల్లడించాలి, ఆ విషయంలో ఓటు వేయకూడదు. ఇది ఎవరి పేరూ ఎత్తని నియమం. బావగారికీ, రేపు మీ బ్యాంకులోనే డిపాజిట్ వేద్దామని ఎవరైనా అంటే మీకూ సమానంగా వర్తిస్తుంది. ట్రెజరర్ పనిలో పాన్, టాన్ నంబర్లు తీసుకోవడం, ఏజెన్సీల బిల్లుల్లో టీడీఎస్ కోసి గడువులోగా కట్టడం, ఏటా ఆడిట్ చేయించడం ఉంటాయి. సాయంత్రాలు పోతాయి, మాటలు పడాల్సి వస్తుంది. అంత వద్దనుకుంటే హ్యాండోవర్ లెక్కలు సరిచూసే సబ్‌కమిటీలో మాత్రం ఉంటానని చెప్పవచ్చు. మీ నేర్పు ఉపయోగపడుతుంది, రోజూ చెక్కుల మీద సంతకాలు పెట్టే తలనొప్పి ఉండదు. ఇంట్లో ఉన్న పరిస్థితిని బట్టి మొదటి ఏడాదికి నేనైతే దీనికే మొగ్గుతాను.

హ్యాండోవర్ అంటే ఒక సంతకం కాదు, ఇక్కడే చాలా కమ్యూనిటీలు మోసపోతాయి. క్లబ్‌హౌస్ తాళాలు, గుత్తి మీద ఒక పూలదండ, గ్రూప్ ఫోటో, కింద "అన్నీ సంతృప్తికరంగా అందాయి" అనే ఒక్క లైను. ఆ లైను మీద ఎవరూ సంతకం పెట్టకూడదు. నిర్మాణంలో, నాణ్యతలో, సేవల్లో లోపం బయటపడితే స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల దాకా, చెప్పిన 30 రోజుల్లోపు సొంత ఖర్చుతో సరిచేయాల్సింది బిల్డరే. మీకు అందులో మూడేళ్ల లోపే మిగిలింది. లోపాలను ఫోటోతో, తేదీతో ఇప్పటి నుంచే మెయిల్‌లో పెట్టండి.

తీసుకునేటప్పుడు విడివిడిగా తీసుకోండి, ప్రతిదానికీ పరీక్ష చేసి, "ఈ లోపాలతో తీసుకున్నాం" అని రాసి. మీ ఎస్టీపీ సంగతే చూద్దాం. గాలి పంపే బ్లోయర్లను కరెంటు బిల్లు మిగులుతుందని రాత్రిళ్లు ఆపేస్తారు. ఆక్సిజన్ అందక మురుగును తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. నీళ్లు నల్లబడి కుళ్లిన గుడ్ల కంపు కొడతాయి. బాల్కనీల దాకా వచ్చేదీ, ఫ్లష్‌లో పడేదీ అదే. ఒక లీటరు పట్టే పారదర్శకమైన జాడీలో ఏరేషన్ ట్యాంకులోని (బ్లోయర్లు గాలి పంపే ట్యాంకు) నీళ్లు తీసి 30 నిమిషాలు కదపకుండా పెట్టండి. మట్టి రంగు బురద అడుగున పావు నుంచి మూడో వంతు దాకా దిగి, పైన నీళ్లు తేటగా ఉంటే ప్లాంటు పని చేస్తున్నట్టు. అడుగున నాలుగు చెంచాల బురదే చేరితే అందులో జీవమే లేదు. అసలు దిగకపోతే నిర్వహణ చెడింది. లాగ్‌బుక్ అడగండి, ఎస్టీపీకి విడిగా మీటరుంటే నెలనెలా యూనిట్లు చూడండి. 24 గంటలు నడిచే బ్లోయర్ల బిల్లు దాచలేరు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి చెల్లుబాటులో ఉందో లేదో కూడా.

ఇది కంపుతో పోయేది కాదు, మీ ట్యాంకర్ల ఖర్చు కూడా ఇందులోనే ఉంది. 240 ఇళ్లలో ఇంటికి మూడున్నర మంది లెక్కన 840 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు వేసుకుంటే 1,13,400 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 22 దాటతాయి. ఇందులో ఫ్లష్‌కు పోయేది మనిషికి సుమారు 45 లీటర్లు, మొత్తం 37,800. ఎస్టీపీ నీళ్లు వాడుకునేలా ఉంటే రోజుకు ఏడు ట్యాంకర్లకు పైగా తగ్గుతాయి. ఎండాకాలం మూడు నెలల్లో అదెంతో మీరే లెక్క వేసుకోండి. మంజీరా నీళ్ల కోసం జలమండలి బల్క్ కనెక్షన్‌కు దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో కూడా అడగండి. ఓసీ లేని బ్లాకుల పేరు చెప్పి అది ఆగి ఉంటే, ఓసీ తమకు అక్కర్లేదనుకునే ఏ బ్లాకు వాళ్లకు అది గట్టి జవాబు.

ఫైర్ పంపులు కూడా ఇలాగే చూడాలి. పై అంతస్తులో హైడ్రెంట్ (మంటలార్పే నీళ్ల వాల్వు) తెరిస్తే ఒత్తిడి పడిపోయి కింద పంపులు వాటంతట అవే మొదలవ్వాలి. ప్యానెల్ మాన్యువల్‌లో పెట్టి ఉండటం, డీజిల్ పంపు బ్యాటరీ చచ్చిపోయి ఉండటం తరచూ కనిపించే సంగతులు. జనరేటర్, లిఫ్టులు, సెల్లార్ గోడల చెమ్మ, టెర్రస్ మీద నీళ్లు నిలవడం, ఇవన్నీ బయటి ఇంజినీరింగ్ ఆడిటర్‌తో ఒకేసారి చూపించండి. కాగితాల్లో మంజూరైన ప్లాను, స్ట్రక్చరల్ డ్రాయింగులు, నిజంగా వేసిన పైపులు, వైర్ల డ్రాయింగులు, పర్యావరణ అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆమోదం, వారంటీలు ఉండాలి. ఓసీ వచ్చిన 30 రోజుల్లో కాగితాలు, మూడు నెలల్లో ఉమ్మడి ఆస్తుల బదిలీ జరగాలని 17వ సెక్షన్ చెబుతోంది. అన్ని బ్లాకులకూ ఓసీ వచ్చాకే ఈ గడువులు మొదలవుతాయని బిల్డర్ వాదిస్తాడు. ఆ వాదన నెగ్గితే ఏ బ్లాకు వాళ్లకు కూడా ఏదీ అందదు. వాళ్ల దగ్గర ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఇవన్నీ అడిగినా కదలిక లేకపోతే ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే రెరా అథారిటీ. మన రాష్ట్రంలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకు అది వర్తిస్తుంది, మీది అందులోకే వస్తుందని రిజిస్ట్రేషన్ నంబరుతో నిర్ధారించుకోండి. అక్కడి ప్రాజెక్టు పేజీలో అప్పుడు దాఖలు చేసిన ప్లాను, సౌకర్యాల జాబితా ఉంటాయి. ఓసీ తేవాలి, లెక్కలు చూపాలి, కార్పస్ బదిలీ చేయాలి అనే ఆదేశాల కోసం ఫారం ఎం, నష్టపరిహారం కోసం ఫారం ఎన్. అసోసియేషన్ పేరుతోనూ వేయవచ్చు. 60 రోజుల్లో తేల్చాలని చట్టం అన్నా అంతకన్నా ఎక్కువే పడుతుందని లెక్క వేసుకోండి. మరో దారి వినియోగదారుల కమిషన్. కట్టిన ధర 50 లక్షల నుంచి 2 కోట్ల మధ్య ఉంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, కారణం పుట్టిన రెండేళ్లలోపు. మీకు స్వాధీనమిచ్చి రెండేళ్లు దాటాయి గనక ఆ దారిలో గడువు మీద వాదన వస్తుంది. ఓసీ లేకపోవడం ఇప్పటికీ కొనసాగుతున్న లోపమని మీ లాయరు బదులు చెప్పాల్సి ఉంటుంది. నా మొగ్గు రెరాకే.

ఇక అమ్మకం. మీ భర్త విసుగు నాకు అర్థమైంది. కానీ ఓసీ లేని ఫ్లాటును ఇప్పుడు అమ్మడమంటే బిల్డర్ చేసిన తప్పుకు మీరు డిస్కౌంటు ఇవ్వడమే. ఓసీ చూశాకే లోను ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు బ్యాంకులకు చెప్పింది. లోను లేకుండా కొనేవాడు సగం బేరానికి అడుగుతాడు. మియాపూర్‌లో 90 లక్షల ఫ్లాటు కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, 6 లక్షల 75 వేలు. ఇక్కడ కట్టింది తిరిగి రాదు. స్వాధీనం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోపు అమ్మితే, పాత పన్ను విధానంలో లోను అసలు మీద తీసుకున్న మినహాయింపు తిరిగి ఆదాయంలో కలుస్తుంది. లాభం మీద పన్ను మాత్రం మరో ఇల్లు కొంటే తప్పించుకోవచ్చు. పైగా పాత అపార్టుమెంట్లన్నీ శుభ్రమనుకోకండి. పైన అక్రమంగా వేసిన పెంట్‌హౌస్‌లు, ఓసీ లేకపోవడం అక్కడా మామూలే. అలాంటి కట్టడాలను క్రమబద్ధం చేయడానికి పెట్టిన 2015 రెగ్యులరైజేషన్ పథకం దరఖాస్తులు కోర్టులో చిక్కుకుపోయిన సంగతి తెలిసిందే. మీ పాప పదో తరగతి పరీక్షలయ్యేదాకా, అంటే ఇంకో ఏడాదిన్నర, ఎలాగూ కదలరు. షార్ట్‌ఫాల్ లెటర్‌లో కారణం చిన్నదైతే ఓసీ వచ్చాక అమ్మకం మాట ఎత్తండి. ప్లానును దాటి కట్టడమే కారణమైతే, పాప పరీక్షలయ్యాక కొంత నష్టానికైనా బయటపడటం తెలివైన పనే, అందులో చిన్నతనమేమీ లేదు.

చివరికి బావగారు. ఆయనతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. అదీ గ్రూపులో కాదు, ఫోన్‌లో కాదు, ఇంటికి వెళ్లి, అన్నదమ్ములిద్దరే. తగవు తన వల్ల కాదన్నారు గానీ, ఇది తగవాడటానికి వెళ్లడం కాదు. అనాల్సిందల్లా ఇంతే: "అన్నయ్యా, నీ పని పోవాలని మేం కోరుకోవట్లేదు. నీ పని ఆ ప్రాజెక్టులో చేసుకో. ఈ హ్యాండోవర్ కాగితాల మీద మాత్రం నువ్వు సంతకం పెట్టకు. రేపు ఎస్టీపీ పాడైతే కమ్యూనిటీ మొత్తం నీ పేరే చెబుతుంది, అప్పుడు నేనేం చేయలేను." ఇది ఆయనను కాపాడే మాట, ఆయన కూడా అలాగే వింటారు. ఆయన కార్పస్ కూడా బిల్డర్ దగ్గరే ఉందని గుర్తుచేయడం తప్పు కాదు. పనులు చేయించడంలో అనుభవం ఉన్న మనిషి కాబట్టి సెల్లార్ చెమ్మ, టెర్రస్ మరమ్మతుల తనిఖీలో ముందుండమని అడగవచ్చు. ఒప్పుకుంటే రెండు వర్గాల మధ్య మాట కలుస్తుంది. ఒప్పుకోకపోతే ఆ వెల్లడి నియమం జనరల్ బాడీలో ఓటింగుకు వచ్చినప్పుడు మీరిద్దరూ మాట్లాడకుండా కూర్చోండి, మిగతావాళ్లు మాట్లాడతారు.

ఆ మెసేజ్‌కు గ్రూపులో జవాబివ్వకండి. మీ ఇంటిపేరున్న గొడవకు మూడు వందల కుటుంబాలు ప్రేక్షకులు కానక్కర్లేదు. తోడికోడలితో మాత్రం మీరే మాట్లాడండి. ఈ కాంట్రాక్టుల్లో, కాగితాల్లో ఆవిడ ప్రమేయం ఏమీ లేదని మీకూ తెలుసు. దసరాకి అత్తగారు ముందు ఏ బ్లాకులోనే దిగనివ్వండి, మీరే వెళ్లి తీసుకురండి. ఈలోగా సమాచార హక్కు దరఖాస్తు వేసి ఉంచండి, పండగ నాటికి జవాబు వచ్చి ఉంటుంది.